రిపేరు గుణమా, గత్యంతరం లేకా?

బాబాయికి అరవై దాటాయి. ముప్పై ఏళ్లపాటు రేడియోలు, టీవీలు బాగుచేసి, చివరికి షాపుకు తాళం వేసిన మనిషి. అమ్మాయికి ముప్పై నిండలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే వీడియో చూసి తనే మార్చుకునే రకం. ఇద్దరిలో రిపేరును వెనకేసుకొచ్చేదెవరు, కొత్తది కొనుక్కోమనేదెవరు అని అడిగితే ఎవరైనా వయసు చూసి చెబుతారు, తప్పుగా చెబుతారు.

బాబాయి: "మన పెద్దవాళ్లు దేన్నీ పారేసేవాళ్లు కాదు" అని మాత్రం మొదలుపెట్టకమ్మా. బిందెకు చిల్లు పడితే మాటు వేయించారు, గొడుగు ఊచ విరిగితే కట్టించారు, చెప్పు తెగితే కుట్టించారు. ఎందుకు? కొత్తది కొనే తాహతు లేక. తాహతు ఉన్నవాళ్లకేమో సరుకు దొరక్క. 1991కి ముందు బజాజ్ చేతక్ బుక్ చేసుకున్నవాడు ఏళ్ల తరబడి వంతు కోసం కాచుక్కూర్చున్నాడు. అలాంటప్పుడు ఉన్న స్కూటర్ను పక్కకు వంచి, బతిమాలి, కిక్కు కొట్టి నడుపుకోక ఏం చేస్తాడు? గతిలేని పనికి సంస్కృతి అని పేరు పెట్టి ఇప్పుడు దండలు వేస్తున్నారు.

అమ్మాయి: గతిలేకే మొదలైందనుకోండి బాబాయ్. అయినా గతి వచ్చాక ఆ పని ఆగిపోలేదుగా. విజయవాడ ఆటోనగర్ చూడండి. ఒక వీధిలో ఇంజన్లు, ఒక వీధిలో రేడియేటర్లు, ఇంకోచోట కమాన్‌కట్టలు, బాడీ బిల్డింగ్. ఎక్కడా దొరకని పార్టును లేతు మీద తిప్పి చేసిచ్చే మనుషులున్నారు అక్కడ. లారీ ఓనర్లు డబ్బుల్లేకనా వస్తున్నారు? ఆ చేతుల మీద నమ్మకంతో వస్తున్నారు. ఇక డబ్బున్న దేశాల మాటంటారా, 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే జర్నలిస్టు రిపేర్ కేఫ్ మొదలుపెట్టింది. పాడైన టోస్టరో, దీపమో పట్టుకెళ్తే అక్కడున్న వలంటీర్లు పక్కన కూర్చోబెట్టుకుని బాగుచేస్తారు. ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్నాయవి. వాళ్లకు కొత్త టోస్టర్ కొనే గతి లేదా?

బాబాయి: గతి ఉంది, దాంతోపాటు తీరిక కూడా ఉంది. ఆ కేఫుల్లో స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లలో చాలామంది నాలాంటి రిటైరైనవాళ్లే. వాళ్లకది ఆదివారం కాలక్షేపం. నాకది పొయ్యి మీదకి బియ్యం. రెండింటినీ ఒకే గాట కట్టకు.

లేమి పోతే ఏమవుతుందో చూడాలంటే బ్రిటన్‌కి వెళ్లు. యుద్ధంలో 1941 జూన్ నుంచి బట్టలకు రేషన్. 1943లో సర్కారే పుస్తకం వేసింది, చిరిగిన మేజోళ్లు ఎలా అల్లుకోవాలి, పాత కోటును పిల్లల బట్టలుగా ఎలా మార్చాలి అని. ఒక తరం తరమంతా అలాగే పెరిగింది. 1949లో రేషన్ ఎత్తేశారు. ఆ తరమే తర్వాత టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఎగబడి కొన్నది. తూర్పు జర్మనీలో ట్రాబంట్ కారుకు పదేళ్లు దాటిన వెయిటింగు. ఎవరికి వాళ్లే మెకానిక్కులు. 1989లో గోడ కూలింది, పడమటి సెకండ్ హ్యాండ్ కార్లు దొరకడం మొదలైంది, ట్రాబంట్‌లను వీధుల్లో వదిలేసి పోయారు. ఎన్నేళ్ల అలవాటైనా ఎంతసేపు నిలిచింది?

అమ్మాయి: తూర్పు జర్మనీ మాట మీరే ఎత్తారు కాబట్టి గ్లాసుల కథ కూడా వినండి. సూపర్‌ఫెస్ట్ అని 1980లో ష్వెప్నిట్స్ అనే ఊళ్లో తయారీ మొదలుపెట్టారు. రసాయన పద్ధతిలో గట్టిపరిచిన గాజు. బార్లలో చేతి నుంచి జారి పడ్డా అంత తేలిగ్గా పగలదు. పదేళ్లలో పన్నెండు కోట్ల దాకా తయారుచేశారు. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఏమైంది? కొనేవాళ్లు లేక మూతపడింది. పగలని గ్లాసు అమ్మేవాడికి రేపు మళ్లీ అమ్మడానికి ఏముంటుంది? జనం అలవాటు మారిందంటున్నారు మీరు. ఆ అలవాటును నిలబెట్టే వస్తువునే బజారులోంచి తీసేశారంటున్నాను నేను.

ఇది కొత్తదీ కాదు. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలన్నీ ఫీబస్ అనే జట్టు కట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి. ఎక్కువ వెలిగితే ఆ బల్బు చేసిన కంపెనీకి జరిమానా!

బాబాయి: కంపెనీలు ధర్మసత్రాలని నేనెప్పుడన్నాను? నా గొడవ వేరే. నువ్వు ఇందాకటి నుంచీ వస్తువు గురించి, కొనేవాడి గురించి మాట్లాడుతున్నావు. బాగుచేసేవాడు ఎక్కడున్నాడు నీ లెక్కలో? మన ఊళ్లో చెప్పులు కుట్టింది ఎవరు, ఏ వాడ నుంచి వచ్చి కుట్టారు? కళాయి పోసినవాళ్లు, కత్తులకు సాన పట్టినవాళ్లు ఎండలో వీధి వీధి తిరిగి ఎంత సంపాదించారు? పాత చీరలు ఏరి బొంతలు కుట్టింది మీ నాయనమ్మ. మధ్యాహ్నం నడుం వాల్చే వేళ కుట్టింది, ఒక్కరు పైసా ఇవ్వలేదు. రిపేరు చవకగా ఉండేదని మురిసిపోతాం. కులం వల్ల, పేదరికం వల్ల, ఆడవాళ్ల ఉచిత చాకిరీ వల్ల చవకగా ఉండేది. ఆ పని చేసినవాడు మొట్టమొదట కోరుకున్నది తన కొడుకు ఆ పని చేయకూడదనే.

ఈ మాట దగ్గర అమ్మాయి కాసేపు జవాబు వెతుక్కోవలసి వచ్చింది. రిపేరు గురించి ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చే వ్యాసాలు నూటికి తొంభై ఈ గడప తొక్కకుండానే అయిపోతాయి. ఉన్నదాంతోనే ఎలాగో పని నడిపించే మన జుగాడ్‌ను పొగిడే వ్యాసాలైతే మరీనూ.

అమ్మాయి: కాదనను. చెప్పులు కుట్టే మనిషికి తరాల తరబడి దక్కాల్సిన గౌరవం, కూలి దక్కలేదు. అది రిపేరు చేసిన తప్పు కాదు, మనం చేసిన తప్పు. ఇంకో సంగతి చూడండి. మనం పారేసిన వస్తువు గాలిలో కలిసిపోదుగా. ఢిల్లీ సీలంపూర్‌లో పాత బోర్డులను విడగొడుతున్నది ఎవరు? వైర్లు కాల్చి రాగి తీస్తూ ఆ పొగ పీలుస్తున్నది ఎవరు? మళ్లీ ఆ పేదవాళ్లే. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసిందని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. అందులో పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు నమోదైంది 22.3 శాతమే. రిపేరు షాపులో కూర్చున్నవాడికి కనీసం ఒక విద్య ఉంటుంది, బోర్డు ఉంటుంది, నలుగురూ పేరు పెట్టి పిలుస్తారు. తుక్కు కాల్చేవాడికి అదీ లేదు.

బాబాయి: సరే, అది ఒప్పుకుంటాను. అయితే విద్య ఉన్నవాడి సంగతే చూద్దాం, ఫ్యాన్ తీసుకో. నెమ్మదిగా తిరుగుతోందంటే ఎక్కువసార్లు కండెన్సరే పోయి ఉంటుంది. రెండున్నర మైక్రోఫారడ్‌ది తెచ్చి రెండు వైర్లు కలిపితే అయిపోయె. గరగరమంటే బేరింగులు. కాలిన వాసన వస్తే మాత్రం వైండింగ్. రెక్కలు విప్పాలి, మోటారు దింపాలి, మూత తెరవాలి, కాలిన తీగను ఉలితో నరికి గాడుల్లోంచి పీకాలి, కొత్త రాగి తీగ లెక్కపెట్టి చుట్టాలి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. తీగ గేజీ తప్పితే మోటారు వేడెక్కుతుంది. ఇంత చేసి తగిలిస్తే అది మళ్లీ 75 వాట్లు తినే పాత ఫ్యానే! కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకో, 162 యూనిట్ల తేడా. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఏడాదికి వెయ్యికి దగ్గర దగ్గర. పాత ఫ్యాన్‌ను బతికించి నువ్వు కాపాడిందేమిటి, థర్మల్ ప్లాంటు బొగ్గునా?

ఫ్రిజ్‌లూ అంతే. 1970ల మొదట్లో అమెరికాలో సగటు ఫ్రిజ్ ఏడాదికి 1,800 యూనిట్ల దాకా కాల్చేది. ఇవాళ అంతకన్నా పెద్దది అందులో మూడోవంతుతో నడుస్తుంది. హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌ని ఇంకా ఉంచుకున్నామని గొప్పలు పోయేవాళ్లను నేనెరుగుదును. వాళ్ల కరెంటు బిల్లు ఎంతొస్తుందో అడిగితే మాట మారుస్తారు.

అమ్మాయి: ఫ్యాన్, ఫ్రిజ్ విషయంలో మీ లెక్క సరే, పాతవి మార్చేయాల్సిందే. ఫోన్ విషయంలో ఆ లెక్క తలకిందులవుతుంది. దాని జీవితకాలంలో వెలువడే కర్బనంలో సింహభాగం తయారీలోనే అయిపోతుంది. చార్జింగుకు అయ్యేది నామమాత్రం. అంటే దాన్ని ఎన్నేళ్లు వాడితే అంత లాభం. పైగా మీ బీఎల్‌డీసీ ఫ్యాన్‌కే వద్దాం. వారంటీ అయిపోయాక బోర్డు పోతే? కండెన్సరైతే వీధి చివర దొరుకుతుంది. ఆ బోర్డు ఆ కంపెనీ దగ్గరే దొరకాలి, అదీ ఆ మోడల్ ఇంకా చేస్తుంటే. కరెంటు ఆదా చేసే ఫ్యాను ఎవరూ విప్పలేని ఫ్యానే ఎందుకవ్వాలి? రెండూ ఒక్కదాంట్లో కుదరవని ఏ ఫిజిక్సు చెప్పింది?

బాబాయి: ఫిజిక్సు చెప్పలేదు, ధర చెప్పింది. స్క్రూలు పెడితే ఖర్చు, జిగురు పోస్తే చవక. తడి రాకుండా సీలు వేస్తే విప్పడానికి లేదు. నీళ్లలో పడ్డా పాడవని ఫోన్ కావాలన్నది మీరే, దాన్ని తేలిగ్గా విప్పేలా ఉంచాలన్నదీ మీరే.

అమ్మాయి: జిగురు వరకైతే మీ మాటే ఖాయం చేసేదాన్ని. సాఫ్ట్‌వేర్ తాళాల మాటేమిటి? ఒకే మోడల్ ఐఫోన్లు రెండు తీసుకుని ఒకదాని అసలు స్క్రీన్ ఇంకోదానికి బిగిస్తే, గుర్తు తెలియని పార్టు అని హెచ్చరిక వచ్చేది, కొన్ని ఫీచర్లు పనిచేసేవి కావు. పార్టు అసలైనదే, బిగించిన మనిషి నిపుణుడే, అయినా ఫోన్ ఒప్పుకోదు. దీన్ని ఆపడానికే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసింది. పాత ఫోన్ల వేగాన్ని అప్‌డేట్‌తో తగ్గించి, ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో యాపిల్‌కు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇది చవక కోసం చేసింది కాదుగా బాబాయ్. మా తరం రిపేరు కావాలంటున్నది పొదుపు కోసం కాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు నాదా, కంపెనీదా అని అడగడానికి.

బాబాయి: మీ తరం అంటే ఎవరు? ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ వచ్చిందంటే ఈఎంఐ మీద కొత్త ఫోన్ తెచ్చుకునేవాళ్లు మీ తరం కాదా? ఈ హక్కుల మాట మాట్లాడేది మీలో గుప్పెడుమంది. అలాగని పెద్దవాళ్లందరూ పాతవి దాచుకుంటారనీ కాదు. కష్టాల్లో పెరిగినవాడు రెండు రకాలుగా తేలతాడు. ఒకడు ప్లాస్టిక్ డబ్బా మూత కూడా పారేయడు. ఇంకొకడు చేతికి డబ్బు రాగానే ఆ పాత వాసన తగలకూడదని ఇల్లంతా కొత్తవి నింపుతాడు. మా అన్నదమ్ముల్లోనే ఇద్దరూ ఉన్నారు.

సంస్కృతి మాటా అంతే. జపాన్ అనగానే పగిలిన గిన్నెను బంగారంతో అతికే కింత్సుగి బొమ్మ చూపిస్తారు. అదే జపాన్‌లో ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి మొత్తం కొత్తగా కడతారు, ఆఖరిసారి 2013లో కట్టారు. మన దగ్గర పగిలిన అద్దం ఇంట్లో ఉంచితే దరిద్రం అంటారు. భోగి నాడు పాత సామాను మంటలో వేసి పండగ చేసుకునే జాతి మనది. ఏది మన సంస్కృతి?

అమ్మాయి: భోగి మంటలో వేసింది విరిగిన చెక్క, ఎండిన పిడక. తెల్లారేసరికి బూడిద. అందులో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయడం మనం కొత్తగా నేర్చింది. ఇసే మందిరం సంగతీ మీరు సగమే చెప్పారు. దాన్ని మళ్లీ మళ్లీ కట్టడం వల్లే ఆ వడ్రంగం తరం నుంచి తరానికి చేతులు మారుతోంది. విప్పిన పాత కలపను వేరే మందిరాలకు పంపి వాడతారు. పారేయడం కాదది. ఇక దసరాకు మనవాళ్లు రెంచీలకు, స్పానర్లకు బొట్టు పెట్టి ఆయుధపూజ చేయరా? మీరూ మీ మల్టీమీటర్‌కు పెట్టేవారు కదా.

బాబాయి: పెట్టాను. షాపు మూసేదాకా పెట్టాను.

అమ్మాయి: ఎందుకు మూశారు? జనం కొత్తవి కొనుక్కున్నారనా?

బాబాయి: అదొక్కటే అయితే ఇంకో పదేళ్లు లాగేవాణ్ణి. ఇప్పుడు నీ పక్షానికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను, విను. రేడియోల కాలంలో వెనక మూత తీస్తే లోపల సర్క్యూట్ డయాగ్రాం అంటించి ఉండేది. టీవీలు వచ్చాక డయాగ్రాంలన్నీ కుట్టిన లావుపాటి పుస్తకాలు అమ్మేవాళ్లు, హైదరాబాద్ కోఠీలో దొరికేవి. ఈసీ టీవీ అనుకో, ఇంకోటి అనుకో, ఏ పాయింటులో ఎన్ని వోల్టులు రావాలో కాగితం మీద ఉండేది. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎల్‌ఓటీ) పోయిందా, ఐసీ పోయిందా అన్నది ఆ కాగితం, మీటరు కలిసి చెప్పేవి. ఎల్‌ఈడీ టీవీలు వచ్చాక కాగితం రావడం ఆగిపోయింది. డయాగ్రాం లేని బోర్డు ముందు కూర్చుంటే ముప్పై ఏళ్ల అనుభవం కూడా గుడ్డివాడి చేతికర్రే. ప్యానెల్ పోతే దాని ధర దాదాపు కొత్త టీవీ ధర. కస్టమరుకు ఏ మొహంతో చెప్పను?

ఇక్కడితో ఇద్దరూ రాజీకి వచ్చారనిపిస్తుంది. నిజానికి అసలు చిక్కుముడి ఇక్కడే మొదలైంది. ఎందుకంటే అమ్మాయి వెంటనే చట్టాల దారి పట్టింది.

అమ్మాయి: ఆ కాగితాన్ని తిరిగి రప్పించడానికే కదా ఇదంతా! ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు, గడ్డి కోసే మెషీన్ల మీద రిపేరుకు పదికి ఎన్ని మార్కులో వేసి అమ్మమంది. సమాచారం ఇస్తున్నారా, విప్పడం తేలికా, స్పేర్లు దొరుకుతాయా, వాటి ధరెంత, అన్నీ ఆ మార్కుల్లోకి వస్తాయి. యూరప్‌లో 2025 జూన్ నుంచి బజారుకొచ్చే స్మార్ట్‌ఫోన్లకైతే, మోడల్ అమ్మకం ఆగాక ఏడేళ్లపాటు ముఖ్యమైన స్పేర్లు దొరకాలి. మన కేంద్రం కూడా 2022 జులైలో కమిటీ వేసింది, అదే డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మార్కుల పద్ధతి కోసం 2024లో వేసిన ఇంకో కమిటీ 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది.

బాబాయి: ఆ మార్కులు వేసేది ఎవరు?

అమ్మాయి: ప్రభుత్వం ఇచ్చే సూత్రం ప్రకారం కంపెనీలే లెక్కకట్టి ప్రకటించాలని ఆ నివేదిక అంది. ఫ్రాన్స్‌లోనూ అంతే.

బాబాయి: పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోవడం అన్నమాట. సరే, నిజాయితీగానే దిద్దుకున్నాడనుకో. డయాగ్రాం ఇచ్చాడు, స్పేరు ఇచ్చాడు. విప్పే మనిషికి కూలి ఎవరిస్తారు? స్వీడన్ 2017లో సైకిళ్లు, చెప్పులు, బట్టల రిపేరు మీద పన్నును 25 నుంచి 12 శాతానికి తగ్గించింది. ఆస్ట్రియా 2022లో రిపేరు బిల్లులో సగం, 200 యూరోల దాకా, సర్కారే కడతానంది. ఎందుకంత అవసరం వచ్చింది? అక్కడ మెకానిక్కుకు మనిషిలా బతకడానికి సరిపడా కూలి ఇస్తే రిపేరు కొత్తదానికంటే ఎక్కువవుతోంది కాబట్టి. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య మైక్రోవేవ్ పాడైతే కొత్తది తెచ్చుకున్నాడు, వాడికి సంస్కృతి లేకనా? మెకానిక్కు గుమ్మం ఎక్కితేనే అయ్యే ఖర్చు తెలుసు గనక. మన దగ్గర ఇంకా స్కూటర్ మీద మైకు పెట్టుకుని "మిక్సీ రిపేర్, కుక్కర్ రిపేర్, గ్యాస్ స్టవ్ రిపేర్" అని వీధుల్లో తిరుగుతున్నారంటే, ఆ మనిషి రోజంతా తిరిగినా గిట్టుబాటయ్యేంత తక్కువలో మనం బతకనిస్తున్నాం గనక. ఇందాక గౌరవం, కూలి అన్నావు. అవి రెండూ ఇస్తే నీ రిపేరు ఉంటుందా?

అమ్మాయి: ఖరీదవుతుంది. ఒప్పుకుంటున్నాను. అయితే కొత్త వస్తువు చవకగా ఉండటమూ సహజం కాదు బాబాయ్. తుక్కు కాల్చేవాడి ఊపిరితిత్తుల ఖర్చు, చెత్తకుప్పల ఖర్చు బిల్లులో వేయకుండా అమ్ముతున్నారు కాబట్టి చవక. ఆ ఖర్చంతా వేస్తే మిక్సీ జారు బుష్ మార్పించుకోవడమే లాభమని ఎవరైనా అంటారు.

బాబాయి: వేస్తే కదా! ఎవరూ వేయరు. ఈలోగా కుర్రాళ్లు ఈ పనిలోకి రారు. ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ ఉంది. చదివినవాడు ఫ్యాక్టరీకి పోతాడు తప్ప బల్ల వేసుకుని కూర్చోడు. రేపు నీకు కొడుకు పుడితే కూర్చోబెడతావా?

అమ్మాయి: సంపాదన బాగుంటే కూర్చోబెడతాను.

బాబాయి: ఆ సంపాదన నీ బిల్లులో కనబడితే నువ్వే మిక్సీ పట్టుకుని వాడి దగ్గరికి వెళ్తావా? ఎంతదాకా ఇస్తావు?

అమ్మాయి: కొత్తదాని ధరలో సగం దాకా ఇస్తాను.

బాబాయి: సగమా! నా దగ్గరికొచ్చినవాళ్లు పావువంతు దాటిందంటే వస్తువు చంకలో పెట్టుకుని పక్క షాపుకు పోయేవాళ్లమ్మా.

అమ్మాయి: ఆ పక్క షాపు కూడా ఇప్పుడు లేదుగా బాబాయ్. ఈసారి పావు దగ్గర లేచేవాళ్లు ఎక్కడికి పోతారో చూద్దాం.